పరరాష్ట్ర విశ్వవిద్యాలయములందు పత్రికారచన విద్య: మన బిడ్డల దరఖాస్తులు

(చోడవరమున జరిగిన పద్మశాలి సంఘ వార్షిక మహాసభలో చదువబడిన ఉపన్యాసము)



విద్యావిషయమును గుఱించి మాటాడుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. విద్య యనగా సముద్రము. ఇంజనీరింగు, వైద్యము, కంప్యూటరు ఉద్యోగము వీనిని గుఱించి ఏటేట ఈ వేదికమీద పెద్దలు చెప్పుచునేయున్నారు. ఆ దారులు మన పిల్లలకు ఇప్పుడొకరు చూపకయే తెలియును. నేను ఈ సభలో ఇంతవఱకు ఎవ్వరును తలపెట్టని యొక చిన్నదారిని గుఱించి చెప్పదలచితిని. అది పత్రికారచన విద్య. అందును, రాష్ట్రపు ఎల్ల దాటి పరరాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఆ విద్యకై దరఖాస్తు పెట్టుకొను మన బిడ్డల సంగతి.

ఈ విద్యయే యేల యని తమరడుగవచ్చును. ప్రతి సంవత్సరము ఆగస్టు 7వ తేదీన జాతీయ చేనేత దినోత్సవము జరుగును. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడినందుకు గుర్తుగా 2015లో కేంద్రప్రభుత్వము దీని నారంభించినది. ఆనాడు పత్రికలన్నిటిలో మగ్గము బొమ్మ పడును, నేతగాని చేతులు పడును. మఱునాటినుండి మరల ఏ నేతగాడో ఉరిపోసుకొనువఱకు మన ఊసుండదు. వ్రాయువారు చెడ్డవారని నేననను. పడుగేదో పేకయేదో వారికి తెలియదు, అంతే. చేతిమగ్గమునకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు చట్టము చేసినదనియు, మొదట 22 రకములుగా నున్న ఆ జాబితా తరువాత 11కు తగ్గిపోయినదనియు ఎందఱు విలేకరులకు తెలియును? మరమగ్గపు చీరను చేనేత యని అంగడిలో అమ్ముచుండగా అది నేరమని వ్రాయుటకు ముందు, అది మరమగ్గపుదని కనిపెట్టగల కన్ను కావలెను. ఆ కన్ను మన ఇండ్లలో పదేండ్ల పిల్లకును గలదు. కలమే లేదు.

2006లో ఢిల్లీలో కొందఱు పండితులు ఒక లెక్క తీసిరి. 37 హిందీ, ఇంగ్లీషు వార్తాసంస్థలలో నిర్ణయము చేయు స్థానములందున్న 315 మందిని పట్టి, వారెవరెవరని విచారించిరి. షెడ్యూల్డు కులములవాడుగాని తెగలవాడుగాని అందు ఒక్కడును లేడు. వెనుకబడిన తరగతులవారు నూటికి నలుగురు. ఆ లెక్క తెలుగు పత్రికలది కాదు, ఇప్పటిదియు కాదు. అయినను మన తెలుగు పత్రికాకార్యాలయములలో పెద్దకుర్చీలు చూచినవారికి అది చదివి ఆశ్చర్యము కలుగదు.

తెలుగు పత్రికకు పరరాష్ట్రము క్రొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908లో స్థాపించినది ఎచట? బెజవాడలో కాదు, రాజమహేంద్రవరములో కాదు, బొంబాయిలో. 1914లో అది దినపత్రికయైనది మద్రాసులో. మన ఉత్తరాంధ్రకు చేరువనున్న తాపీ ధర్మారావుగారి సంగతి చూడుడు. వారు 1887లో బరంపురమున జన్మించిరి, నేడది ఒడిశాలోనిది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారియొద్ద చదివి, మద్రాసు చేరి, పచ్చయప్ప కళాశాలలో విద్య ముగించి, ఆ నగరముననే పత్రికాసంపాదకులైరి. జనవాణిలో వాడుకభాషకు పట్టము కట్టినవారు వారు. ఇట్టి గ్రాంథికమున నేను వారిని పొగడుచుండుట వినినచో నవ్వియుందురు! కాని మన సంఘపు సంచిక వాడుక యిది, పెద్దలు విడువనీయరు.

అప్పటివారికి దరఖాస్తు లేదు. కలము చేతబట్టి అచ్చుకూటము గడప యెక్కినచో చాలును. ఇప్పుడట్లు కాదు. పత్రికారచన విశ్వవిద్యాలయపు పాఠమైనది. మన దేశమున లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయము 1941లో దాని నారంభించినది. మన తెలుగుదేశమున 1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆ శాఖను తెఱచినది. ఇచట ఒక చిత్రము గలదు. 1954లో చోడవరము ఆంధ్రరాష్ట్రములోనిది, హైదరాబాదు వేఱు రాష్ట్రము. కనుక ఆ శాఖ తెఱచిననాడే మన ఊరి విద్యార్థి దానికి పరరాష్ట్రీయుడు. 1956లో రెండును కలిసి ఆంధ్రప్రదేశ్ కాగా స్వరాష్ట్రీయుడైనాడు. 2014 జూన్ 2న విభజన జరిగి మరల పరరాష్ట్రీయుడైనాడు. విభజనచట్టపు 95వ విభాగము ఉన్నతవిద్యాప్రవేశములలో పూర్వపు వాడుకను పదేండ్లకు మించకుండ నిలిపినది, ఆ గడువు 2024 జూన్ 2తో తీఱినది. చోడవరము ఎక్కడికిని కదలలేదు. ఇచటి స్వయంభూ విఘ్నేశ్వరుడు ఉన్నచోటనే యున్నాడు. ఎల్లలే మనచుట్టు తిరిగినవి.

మన జిల్లా పేరు సహితము మాఱినది. 2022 ఏప్రిల్ 4 నుండి మనది అనకాపల్లి జిల్లా. పిల్లవాని పాత పత్రములలో విశాఖపట్టణము జిల్లా యనియు, క్రొత్త నివాసపత్రములో అనకాపల్లి జిల్లా యనియు నుండును. ఆంధ్రదేశపు గుమాస్తాకు ఇది తెలియును. ఎక్కడో ఉత్తరదేశమున పత్రములు పరీక్షించువానికి తెలియదు, ఇద్దఱు మనుష్యులని అనుమానించును. ఇది స్వల్పవిషయమని తోచవచ్చును. దరఖాస్తులు చెడునది స్వల్పవిషయములచేతనే.

ఇక ముఖ్యవిషయమునకు వత్తును. మన బిడ్డ ఎల్ల దాటినంతనే అల్పసంఖ్యాకుడగును. భాషచేత అల్పసంఖ్యాకుడు, కులముచేత అపరిచితుడు. ఇచట పద్మశాలి యనగా ఎవరో పిల్లలకును తెలియును. లక్నోలో చెప్పినచో అది ఇంటిపేరనుకొందురు. అల్పసంఖ్యాకుడైనందున ఏదో రక్షణ లభించునని కొందఱు తండ్రులు నమ్ముచున్నారు. ఆ మాట సరిగా తెలిసికొనవలెను. రాజ్యాంగపు 30వ అధికరణము మతమునుబట్టియు భాషనుబట్టియు అల్పసంఖ్యాకులైనవారికి విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. అల్పసంఖ్యాకులెవరను లెక్క రాష్ట్రమునుబట్టి చూడవలెనని 2002లో సుప్రీంకోర్టు పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పినది. కావున షోలాపురములో తరతరములుగా మగ్గము నేయుచున్న మన తెలుగు పద్మశాలీలు మహారాష్ట్రమున భాషాల్పసంఖ్యాకులు, వారు తమకొక కళాశాల పెట్టుకొనవచ్చును. కాని ఇచటినుండి చదువుకై పోయిన పిల్లకు, తెలుగుపిల్ల యైనందున మాత్రమే, పూనా విశ్వవిద్యాలయమున ఒక స్థానము విడిచిపెట్టవలెనను నియమము ఎచటను లేదు.

కులము సంగతియు అట్టిదే. 1990లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పొకటి మన తెలుగువానిదే. తెనాలిలో పుట్టిన యొక విద్యార్థి, తండ్రి ఉద్యోగమునుబట్టి బొంబాయి చేరి, అచట వైద్యకళాశాలకు దరఖాస్తు పెట్టెను. ఆంధ్రప్రదేశమున తాను షెడ్యూల్డు తెగవాడనని తహసీల్దారు పత్రము చూపెను. అది మహారాష్ట్రమున చెల్లదని త్రోసివేసిరి. అయిదుగురు న్యాయమూర్తులు విచారించి, ఒక రాష్ట్రమునకు సంబంధించి ఇచ్చిన గుర్తింపు ఆ రాష్ట్రమునకే చెందుననియు, మనిషి వెంట ఎల్ల దాటదనియు తేల్చిరి. ఏలనన ఒక కులమునకు గల కష్టము ఆయా దేశపరిస్థితినిబట్టి యుండునని వారి యుక్తి. 2001లో ఢిల్లీ నగరపాలకసంస్థ ఉద్యోగములను గుఱించిన తీర్పులో వెనుకబడిన తరగతులకును ఈ న్యాయమే వర్తించునని చెప్పిరి. ఆ యుక్తిని నేను పూర్తిగా ఒప్పుకొనలేను. కష్టము రైలెక్కినవానిని విడిచిపెట్టి స్టేషనులో దిగిపోవునా? అయినను శాసనము శాసనమే. దానిని తెలిసికొని నడువవలెను.

తాత్పర్యమేమనగా, పరరాష్ట్రపు రాష్ట్రవిశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పెట్టునప్పుడు మన బి.సి.-బి పత్రమునకు విలువ లేదు. చెన్నపట్టణమున మద్రాసు విశ్వవిద్యాలయమునకు పోయినను, బెంగుళూరు పోయినను, మన పిల్ల అందఱతోపాటు పోటీ పడవలసినదే. పేరు చూచి మోసపోకుడు. భోపాలులో మాఖన్‌లాల్ చతుర్వేది పేర జాతీయ పత్రికారచన విశ్వవిద్యాలయము కలదు. జాతీయ యను మాట పేరులో నున్నది గాని, అది 1990లో మధ్యప్రదేశ్ శాసనసభ చేసిన చట్టముచేత పుట్టినది. అది కేంద్రసంస్థ యని తలచి మన పత్రము జతచేసినచో వ్యర్థము.

కేంద్రవిశ్వవిద్యాలయముల తీరు వేఱు. 2006లో పార్లమెంటు చేసిన చట్టముచేత కేంద్రవిద్యాసంస్థలలో వెనుకబడిన తరగతులకు నూటికి 27 స్థానములు ఏర్పడినవి. 2008లో సుప్రీంకోర్టు దానిని నిలిపినది. అచట మన బిడ్డ ఏ రాష్ట్రమునుండి పోయినను హక్కు వెంట పోవును. కాని ఒక షరతు. అచట చూచునది మన రాష్ట్రపు బి.సి. జాబితా కాదు, కేంద్రప్రభుత్వపు ఓ.బి.సి. జాబితా. రెండును ఒకటియే యని తలచుట మన ప్రాంతమున అందఱు చేయు పొరపాటు. రాష్ట్రజాబితాలో నుండి కేంద్రజాబితాలో లేని కులములు కలవు, అట్టివారి బిడ్డలు కేంద్రసంస్థలో సామాన్యులే. దైవానుగ్రహమున మన పద్మశాలి పేరు రెండింటను కలదు. సాలి, సాలివన్, పట్టుసాలి, సేనాపతులు, తొగటసాలి అను పేర్లు దానితో చేర్చబడియున్నవి. అయితే కొందఱు పెద్దలు బడిలో చేర్చునప్పుడు కులమను చోట "నేత" యనియు "చేనేత" యనియు వ్రాయించిరి. అది వృత్తి, కులము కాదు. జాబితాలో ఆ పేరు వెదకిన గుమాస్తాకు దొరకదు. ఇట్టిది ఉన్నవారు దరఖాస్తు వేళకు గాక ఇప్పుడే దిద్దించుకొనవలెను.

నాకు తెలిసిన యొక అమ్మాయి కథ చెప్పెదను. ఊరు, పేరు వలదు. నేతవారి బిడ్డ. బి.ఏ.లో మంచి మార్కులు. ఒక కేంద్రవిశ్వవిద్యాలయమున పత్రికారచన ఎం.ఏ.కు పరీక్ష వ్రాసి, వెనుకబడిన తరగతుల వరుసలో స్థానము సంపాదించినది. పత్రములు చూపు దినమున తన బి.సి.-బి పత్రము చూపినది. కేంద్రపు నమూనాలో ఓ.బి.సి. పత్రము, అందును సంపన్నశ్రేణికి చెందనట్టి పత్రము, ఆ ఆర్థికసంవత్సరములో పుచ్చుకొన్నది కావలెననిరి. మూడు దినములు గడువిచ్చిరి. తండ్రి తహసీల్దారు కచేరికి పరుగెత్తెను. మొదటి దినమున సెలవు, రెండవ దినమున సంతకము పెట్టువారు వేఱుపనిమీద పోయిరి, మూడవ దినమున పత్రము వచ్చినది గాని అందు అక్షరదోషమున్నది. స్థానము పోయినది. ఆ పిల్ల తెలివికి లోపము లేదు, తండ్రి ప్రేమకు లోపము లేదు. ఒక కాగితము ఆఱునెలల ముందు తీసికొనవలెనని చెప్పువాడు లేకపోయెను. ఆమె ఇప్పుడొక బట్టలకొట్టులో లెక్కలు వ్రాయుచున్నది. గౌరవమైన పనియే. కాని ఆమె వ్రాయవలసినవి ఆ లెక్కలు కావు.

కనుక పత్రములను గుఱించి కొంచెము విసుగు పుట్టించినను చెప్పక తప్పదు. ఓ.బి.సి. పత్రము వేఱు, మన రాష్ట్రమిచ్చు కులధ్రువపత్రము వేఱు. రెండును తహసీల్దారుగారే యిత్తురు గాని, అడుగునప్పుడు కేంద్రపు నమూనా యని విడిగా అడుగవలెను. కేంద్రప్రభుత్వపు ఏ తీర్మానమున ఏ తేదీన మన కులము చేర్చబడినదో ఆ పత్రములో నుండును, అది ఖాళీగా విడిచిరేమో చూచుకొనవలెను. చాలచోట్ల ఏప్రిల్ 1 తరువాతి తేదీ గల పత్రమునే పుచ్చుకొందురు, కావున నిరుటి పత్రము పెట్టెలో భద్రముగా నున్నదని నిశ్చింతగా నుండరాదు. పిల్ల పేరు పదవతరగతి పత్రములో ఎట్లున్నదో, అక్షరమక్షరము అట్లే యుండవలెను. మన ఇంటిపేర్లు ముందును, ఉత్తరదేశమువారి ఇంటిపేర్లు వెనుకను ఉండుటచేత కలుగు గందరగోళము ఇంతంత కాదు.

సంపన్నశ్రేణి యను మాట విని మనలో కొందఱు బెదరుదురు. 2017 నుండి ఆ హద్దు ఏడాదికి 8 లక్షల రూపాయలు, అదియు వరుసగా మూడేండ్లు దాటినప్పుడు. తల్లిదండ్రుల జీతమును, వ్యవసాయపు రాబడిని ఆ లెక్కలో కలుపరు. జీతగాండ్రకు వారి ఉద్యోగపు హోదానుబట్టి వేఱు లెక్క కలదు. ఇంకొక మాట. దీనికి మూలమైన 1993 సెప్టెంబరు 8 నాటి ఉత్తర్వులోనే, చేతిపనులవారికిని కులవృత్తులు చేయువారికిని ఈ మినహాయింపు నియమము వర్తింపదని వ్రాసియున్నారు. మగ్గముమీద బ్రదుకు తండ్రి ఈ వాక్యమును ఎఱిగియుండుట మంచిది. మగ్గముమీద 8 లక్షలు వచ్చిననాడు కదా యని తమరు నవ్వుచున్నారు. నవ్వుడు. నేనును నవ్వితిని.

ఎచటికి దరఖాస్తు పెట్టవలెను? హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974లో కేంద్రసంస్థగా పుట్టినది, అచట సరోజినీనాయుడు పేర నున్న కళాశాలలో కమ్యూనికేషను శాఖ కలదు. రాష్ట్రము విడిపోయినను అది కేంద్రపుదగుటచేత మన పిల్లల 27 పాళ్ళ హక్కు అచట చెక్కుచెదరలేదు, తెలుగుమాట వినబడును, రాత్రి రైలెక్కిన ఉదయమున దిగవచ్చును. మొదటిసారి ఇల్లు విడుచు పిల్లకు నేనిదియే చెప్పుదును. ఆ నగరముననే ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయమును కలదు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయము, తిరువారూరులోని తమిళనాడు కేంద్రవిశ్వవిద్యాలయము దక్షిణమున నున్నవి. ఢిల్లీలో 1965లో స్థాపింపబడిన భారతీయ జనసంచార సంస్థ చిరకాలము డిప్లొమా మాత్రమే యిచ్చెడిది, 2024లో విశ్వవిద్యాలయముతో సమానమైన హోదా పొందినది. దాని శాఖ యొకటి ఒడిశాలోని ఢెంకనాలులో కలదని మనవారు ఎఱుగరు. ఢిల్లీకంటె మనకు అది ఎంతో చేరువ. ఢిల్లీలోనే జామియా మిల్లియా విశ్వవిద్యాలయమున 1982లో పెట్టిన జనసంచార పరిశోధనకేంద్రము కీర్తిగాంచినది. అది కేంద్రసంస్థయే. అయినను 2011లో దానిని ముస్లిం అల్పసంఖ్యాక సంస్థగా గుర్తించిరి, అట్టి సంస్థలకు నేను చెప్పిన 2006 చట్టము వర్తింపదు. కావున మన హిందూ నేతబిడ్డ అచటికి సామాన్యస్థానమునకే పోవలెను. పోరాదని కాదు, తెలిసి పోవలెనని.

పరీక్షను గుఱించి. 2022 నుండి చాల కేంద్రవిశ్వవిద్యాలయములు ఎం.ఏ. ప్రవేశమునకు దేశమంతటికి ఒక్కటే కంప్యూటరు పరీక్షను చూచుచున్నవి. బి.ఏ. ప్రవేశమునకు గల అట్టి పరీక్షను తెలుగుతో కలిపి 13 భాషలలో వ్రాయవచ్చును. ఎం.ఏ.కు వచ్చుసరికి భాషాపత్రములు మొదలగు కొన్ని తప్ప ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీలలోనే యుండును. పత్రికారచనయు అందులోనిదే. తెలుగులో చక్కగా వ్రాయు పిల్ల తెలుగులో వ్రాయుటకై నేర్చుకొనవలసిన విద్యకు ఇంగ్లీషులో అర్హత చూపవలెను! దీనిని గుఱించి మన సంఘము కేంద్రవిద్యాశాఖకు ఒక తీర్మానము పంపవలెనని నా ప్రార్థన. తీర్మానము ఫలించువఱకు పిల్లలు ఇంగ్లీషు పత్రిక యొకటి దినమునకు ఒక గంట చదువవలెను.

కొన్నిచోట్ల పరీక్షతో తీఱదు. నీవు ఈ విద్య నేల కోరుచున్నావో ఒక పుట వ్రాయుమందురు, మౌఖికపరీక్ష చేయుదురు. ఇచట మన పిల్లలు రెండు విధముల చెడుదురు. కొందఱు "సమాజమునకు సేవ చేయుటకు" అని మొదలిడి ఎవరైన వ్రాయదగిన మాటలు వ్రాయుదురు. కొందఱు తమ పేదతనమునంతయు ఏకరువు పెట్టి జాలికై చేయి చాపుదురు. రెండును వలదు. నీకు తెలిసినది వ్రాయుము. నూలు ధర ఎంత పెరిగినదో, షావుకారు కూలి ఎట్లు లెక్కగట్టునో, సంఘపు గిడ్డంగిలో చీరలెందుకు మిగిలిపోవునో వ్రాయుము. అనకాపల్లి బెల్లపు బజారునకు పోయి ఒక ఉదయమంతయు కూర్చుండి, దిమ్మ ధర ఎట్లు తేలునో రైతును, దళారిని, హమాలీని ముగ్గురిని అడిగి, మూడుమాటలును తేడాగా నున్నచో ఆ తేడానే వ్రాయుము. అది పుచ్చుకొని పోయినవానికి "నీవు విలేకరి వగుదువా" యని అడుగవలసిన పని యుండదు, అప్పటికే అయినాడు.

సముద్రముల ఆవల జరిగిన యొక సంగతి ఇచట చెప్పవలెను, ఏలనన మన ఆంధ్రపత్రిక పుట్టిన 1908లోనే అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయమున పత్రికారచన కళాశాల తెఱచిరి. ఆ విద్యలో అది ప్రపంచప్రసిద్ధము. లూసిల్ బ్లూఫర్డు అను నీగ్రోజాతి యువతి అదే మిస్సోరి రాష్ట్రపు కాన్సాస్ సిటీలో పెరిగినది. ఆ రాష్ట్రవిశ్వవిద్యాలయము తన జాతివారిని చేర్చుకొననందున ఎల్ల దాటి కాన్సాస్ విశ్వవిద్యాలయమున పత్రికారచన చదివి 1932లో పట్టము పొందినది. పిదప తన ఊరి పత్రికలో పనిచేయుచు 1939లో పైచదువునకై మిస్సోరికి దరఖాస్తు పంపినది. కాగితము చూచి చేర్చుకొంటిమనిరి. మనిషి పోగా, మేనిరంగు చూచి త్రిప్పి పంపిరి. ఆమె 11 సారులు ప్రయత్నించినది, న్యాయస్థానమున వ్యాజ్యము నడపినది. 1941లో ఆ రాష్ట్రపు సర్వోన్నతన్యాయస్థానము ఆమె పక్షమున కొంత చెప్పగా, విశ్వవిద్యాలయము యుద్ధకాలమను సాకున ఆ పైచదువునే మూసివేసినది! ఆమె తన పత్రికను విడువలేదు, దానికి సంపాదకురాలై ప్రచురణకర్తయు నయినది. 1989లో అదే విశ్వవిద్యాలయము ఆమెను పిలిచి గౌరవ డాక్టరు పట్టము నిచ్చినది. అర్ధశతాబ్దము పట్టినది. మన బిడ్డలకు గుమ్మముకడ రంగు చూచి త్రోయువారు లేరు, చట్టము మన పక్షమున నున్నది. ఆమె 11 సారులు పోగా మనము ఒకసారి కాగితము తిరిగివచ్చినచో మానివేయుట తగునా యని మాత్రము అడుగుచున్నాను.

పెద్దలకు గల రెండు సందేహములకు సమాధానము చెప్పి ముగింతును. నిన్న భోజనముల వేళ ఒక తాతగారు, "ఆడపిల్లను అంతదూరము పంపి వార్తలు వ్రాయించుటేమి నాయనా, అందులో అన్నము దొరకునా?" అని అడిగిరి. అబద్ధము చెప్పను. మొదటి జీతము స్వల్పము. కంప్యూటరు కంపెనీలో చేరిన అన్నకు వచ్చునంత రాదు. పత్రికలు మూతపడుటయు, ఉన్నవారిని తీసివేయుటయు జరుగుచున్నది. మండలములలో విలేకరులమని తిరుగువారిలో కొందఱకు జీతమే లేదు, ప్రకటనలు తెచ్చినచో కమీషను. ఇది తెలిసియే పంపవలెను. కాని చదువుకొని పోయినవారికి పత్రిక ఒక్కటే దారి కాదు. రేడియో, టెలివిజను, ప్రభుత్వ సమాచారశాఖ, విశ్వవిద్యాలయ బోధన ఇవన్నియు ఆ పట్టముతో తెఱచుకొనును. దూరము సంగతియందురా, మన తాతలు నూలుమూటలు నెత్తిన బెట్టుకొని షోలాపురము, భీవండి, సూరతు పోయిరి. వారికి వసతిగృహము లేదు, వార్డెను లేదు.

రెండవ సందేహము ధనమును గుఱించినది. మన సంఘము ఏటేట మార్కులు వచ్చినవారికి పతకములిచ్చుచున్నది. శాలువాలు కప్పుచున్నది, పూలదండలకే ఎంతయగునో కోశాధికారిగారికి తెలియును. ఈ యేడు శాలువాలలో సగము తగ్గించి, ఆ సొమ్ముతో అయిదుగురు పిల్లల దరఖాస్తు రుసుములు, పరీక్షాకేంద్రమునకు రైలుఖర్చులు భరింపవలెనని నేను ప్రతిపాదించుచున్నాను. అందు ఇద్దఱయినను ఆడపిల్లలు కావలెను. కోశాధికారిగారు నావంక కోపముగా చూచుచున్నారు, శాలువాలు ఇదివఱకే కొనిరి కాబోలును. అయినచో వచ్చే యేటినుండి.

ఎం.ఏ. పరీక్షకు దరఖాస్తులు సాధారణముగా సంవత్సరాంతమునను, క్రొత్త సంవత్సరపు మొదటి నెలలోను తీసికొందురు. పరీక్ష మార్చి ప్రాంతమున జరుగును. ఓ.బి.సి. పత్రము క్రొత్తది ఏప్రిల్ మొదటి వారముననే పెట్టుకొనవలెను. రేపు ఉదయము ఎనిమిది గంటలనుండి భోజనశాల ప్రక్కగదిలో నేనును, మన యువజనసంఘపు కుఱ్ఱవారిద్దఱును కంప్యూటరు పెట్టుకొని కూర్చుందుము. డిగ్రీ చివరి సంవత్సరము చదువు పిల్లలు పదవతరగతి పత్రము, కులపత్రము, ఆధారు కార్డు తెచ్చుకొనుడు. పేర్లలో తేడా లున్నవేమో ముందుగా చూతము. కులమను చోట "నేత" అని వ్రాయించినవారు తండ్రిగారిని కూడ వెంటబెట్టుకొని రావలెను.